రెండో రిమోట్

"అమ్మా, పన్నెండు టెరాఫ్లాప్స్ అంటే మాటలు కాదు" అన్నాడు మావాడు, పప్పన్నంలో నెయ్యి వేసుకుంటూ.

"ఫ్లాపైతే ఇంక గొప్పేముందిరా?" అన్నారు మా అత్తయ్యగారు.

ఆవిడ తప్పేం లేదు. ఆవిడకి తెలిసిన ఫ్లాపులన్నీ సినిమాలవే. వాడు తల పట్టుకున్నాడు, చిన్నది పొలమారేంత నవ్వింది, మావారు టీవీ వైపు చూస్తూ ఏమీ వినపడనట్టు కూర్చున్నారు. రెండు నెలలుగా మా ఇంట్లో భోజనాల దగ్గర రోజూ ఇదే భాగోతం.

సంగతేమిటంటే, మావాడికి ఆటలాడుకునే యంత్రం కావాలి. అది కన్సోలా, పీసీయా అన్నది గొడవ. మీ ఇంట్లోనూ మగపిల్లలుంటే (ఆడపిల్లలున్నా సరే, ఆ సంగతికే వస్తాను) ఈ గొడవ మీకు తెలిసే ఉంటుంది. తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా. కన్సోల్ అంటే టీవీకి తగిలించి ఆడుకునే పెట్టె. సోనీ వాళ్ళది ప్లేస్టేషన్, మైక్రోసాఫ్ట్ వాళ్ళది ఎక్స్‌బాక్స్. పీసీ అంటే మామూలు కంప్యూటరే, కాకపోతే ఆటలకి సరిపడా బలం పట్టించినది. ఈ పెట్టెలకి ఆరేడేళ్ళకోసారి కొత్త తరం పుడుతుంది. ప్లేస్టేషన్ రెండోది 2000లో, మూడోది 2006లో, నాలుగోది 2013లో వచ్చాయి. 2020లో అయిదోదాని వంతు వచ్చింది. ఆ ఏడాది నవంబరు 10, మంగళవారం కొత్త ఎక్స్‌బాక్స్ మన దగ్గర కూడా అమ్మకానికి వచ్చింది. ఆ గురువారం అమెరికాలో, జపాన్‌లో ప్లేస్టేషన్ 5 విడుదలైంది. మనకి దాని ధర చెప్పారు కానీ అప్పటికి తేదీ చెప్పలేదు. ఆ తేదీ కోసం మావాడు ఎదురుచూసినట్టు పరీక్షల తేదీ కోసం చూస్తే ఎంత బావుండునో!

అసలు ఇదంతా పబ్జీతో మొదలైంది. 2020 మార్చి నుంచి పిల్లలు ఇంట్లోనే ఉన్నారు కదా. వాడు పదో తరగతి, చిన్నది ఏడు. నా ఫోన్ దాని క్లాసులకి, మూల పగిలిన పాత ఫోన్ వాడి క్లాసులకి. క్లాసు అవగానే అదే పగిలిన ఫోన్లో పబ్జీ. సెప్టెంబరు 2న ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ రాత్రి వాడు అన్నం తినలేదు. నేను పైకి "అయ్యో నాన్నా" అంటూనే లోపల దేవుడికి దండం పెట్టుకున్నా. నా సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. అదే నెలలో రెండు కంపెనీలూ కొత్త పెట్టెల ధరలు చెప్పాయి. అదే నెల మొదట్లో ఎన్‌విడియా వాళ్ళు పీసీలకి కొత్త గ్రాఫిక్స్ కార్డులు ప్రకటించారు. వాడు పబ్జీని మర్చిపోయి, ట్యూషన్ నోట్సు వెనక పేజీలో నిలువుగా గీత గీసి, ఇటు కన్సోల్, అటు పీసీ అని రాసుకోవడం మొదలుపెట్టాడు.

ఆ కాగితం నేను చూశాను. లెక్కల్లో ఎప్పుడూ అంత శుభ్రంగా రాయలేదు వెధవ.

ఇంతకీ డబ్బు సంగతి. మా అపార్ట్‌మెంట్లో ఆడవాళ్ళం కలిసి లక్ష రూపాయల చీటీ వేసుకున్నాం. నెలకి అయిదు వేలు, ఇరవై నెలలు. చీరలకి ఫాల్ కుట్టి, పీకో చేసి, జాకెట్లు కుట్టి కట్టాను ఆ డబ్బు. లాక్‌డౌన్‌లో పెళ్ళిళ్ళు లేవు, పేరంటాలు లేవు, కుట్టించుకునే వాళ్ళు లేరు. ఎలా కట్టానో ఆ పైవాడికే తెలుసు. ఆఖరి చీటీ నాది, అక్టోబరులో చేతికొచ్చింది. పిల్లల ఫీజులకి 38 వేలు పోగా 62 వేలు మిగిలాయి.

ఆ 62 వేల మీద ఇంకో బాకీ ఉంది. ఏప్రిల్ నుంచి మావారి ఆఫీసులో జీతంలో మూడో వంతు కోశారు. మే నెలలో నా తులం గొలుసు బ్యాంకులో పెట్టి 30 వేలు తెచ్చాం. మా అమ్మ నా పెళ్ళికి పెట్టిన గొలుసు అది. మెడలో నల్లపూసలు ఉన్నాయిగా, చాల్లే అనుకున్నా. ఎవరైనా అడిగితే "ఉక్కపోతకి తీసేశా" అని చెప్పాను. ఉక్కపోత పోయి వానలొచ్చినా అదే చెప్పాను.

"ముందు గొలుసు విడిపిద్దాం" అన్నారు మావారు.

"ఇంకో ఆర్నెల్లు అక్కడే ఉంటే ఏమవుతుంది? బ్యాంకు వాళ్ళు మెళ్ళో వేసుకు తిరగరుగా. పిల్లాడు ముచ్చటపడుతున్నాడు" అన్నాను నేను. ఎందుకలా అన్నానో నాకే తెలీదు. మీలో చాలామంది అదే మాట అని ఉండేవారని మాత్రం తెలుసు.

అయితే తెలుసుకోకుండా డబ్బు తీసే రకం కాదు నేను. అయిదు రూపాయల దారం రీలు కూడా మెలి తిప్పి చూసి కొంటాను. మధ్యాహ్నం క్లాసులయ్యాక వాణ్ణి మిషన్ పక్కన కూర్చోబెట్టుకుని, "నానమ్మకి చెప్పినట్టు నాకు చెప్పు" అన్నాను. వాడు చెప్పాడు, నేను ఫాల్ కుట్టుకుంటూ విన్నాను. వారం రోజుల్లో నాకర్థమైంది ఇదీ.

కన్సోల్ అంటే రెడీమేడ్ జాకెట్టు. పీసీ అంటే కొలతలిచ్చి కుట్టించుకున్నది. రెడీమేడ్ కొనగానే వేసుకోవచ్చు, అందరికీ ఒకటే కుట్టు. ఆటలు తయారుచేసే వాళ్ళకి కూడా అదే సుఖం. లోపల ఏముందో ముందే తెలుసు కాబట్టి ఆ పెట్టెకి సరిగ్గా సరిపోయేలా ఆట రాస్తారు. ఏడేళ్ళపాటు "మీ మెషిన్లో ఇది నడవదు" అన్న మాట ఉండదు. కుట్టించుకున్న దాంట్లో అయితే లోపల కాస్త బట్ట వదిలించుకోవచ్చు. ఒళ్ళొస్తే కుట్లు విప్పి వదులు చేసుకోవచ్చు. ఈ ఏడాది ర్యామ్, రెండేళ్ళాగి కార్డు, అలాగన్నమాట. కాకపోతే కొలత తప్పితే ఎవరినీ అనలేం.

తమాషా ఏమిటంటే లోపల బట్ట ఒక్కటే! కొత్త ప్లేస్టేషన్‌లోనూ, కొత్త ఎక్స్‌బాక్స్‌లోనూ ఏఎండీ అనే ఒకే కంపెనీ చిప్పులున్నాయట. పీసీలో వేసేవీ వాళ్ళవే కావచ్చు. "మరి కొట్టుకుంటారెందుకురా?" అంటే, "కుట్టు వేరమ్మా" అన్నాడు. నా భాష వాడికి బాగానే పట్టుబడింది.

టెరాఫ్లాప్స్ అంటే బొమ్మలు గీసే లెక్కలు సెకనుకి ఎన్ని చేస్తుందో చెప్పే కొలత. కొత్త ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌కి పన్నెండు, ప్లేస్టేషన్ 5కి పది చిల్లర. ధర మాత్రం అప్పట్లో రెండూ 49,990. దానికంటే నాకు నచ్చింది ఎస్ఎస్‌డీ సంగతి. పాత ప్లేస్టేషన్‌లో తిరిగే హార్డ్‌డిస్కు ఉండేది. ఒక జీబీ లోపలికి తేవడానికి దాదాపు ఇరవై సెకన్లు పట్టేదట. కొత్త దాంట్లో రెండు జీబీలు పావు సెకనులో తెస్తామని దాన్ని రూపొందించిన మార్క్ సెర్నీ అనే ఆయన మార్చిలోనే చెప్పాడు. అంటే పోపు పెట్టబోయే ముందు ఆవాల డబ్బా కోసం అటకెక్కడానికీ, పోపుల పెట్టె చేతి పక్కనే ఉండటానికీ ఉన్నంత తేడా. ఈ మాటన్నాక మావాడు నన్ను కొంచెం గౌరవంగా చూశాడు. పీసీలోనూ మంచి ఎస్ఎస్‌డీ వేసుకోవచ్చు. కానీ అంత వేగంగా తెచ్చిన సరుకుని వాడుకునేలా ఆటలు రాయాలిగా. కన్సోల్‌లో అందరికీ అదే ఉంటుంది కాబట్టి ధైర్యంగా రాస్తారట.

ఇక ఖర్చులు. పెట్టె మీద ఆ కంపెనీలకి పెద్దగా లాభం ఉండదట. ఒక్కోసారి నష్టానికే అమ్ముతారట. తర్వాత ఆటల మీద, నెలసరి చందాల మీద రాబడతారు. నీళ్ళ ఫిల్టరు చవగ్గా అంటగట్టి ఏడాదికోసారి క్యాండిల్ మార్చాలంటూ వచ్చే అబ్బాయి గుర్తొచ్చాడు నాకు. ప్లేస్టేషన్ 5 పెద్ద ఆటలు అప్పట్లో ఒక్కోటి 4,999 అట! చీరకి ఫాల్, పీకో కలిపి నేను తీసుకునేది 80 రూపాయలు. ఒక్క ఆటకి అరవై మూడు చీరలు కుట్టాలి. ఆ పైన వేరే ఊళ్ళో ఉన్న స్నేహితులతో ఆన్‌లైన్‌లో ఆడాలంటే చాలా ఆటలకి విడిగా చందా కట్టాలి. పీసీలో ఆ చందా లేదు. ఏడాదికి నాలుగైదుసార్లు స్టీమ్ అనే దుకాణంలో ఆషాఢం సేల్ లాంటిది పెడతారు, పాత ఆటలు వందల్లోకి దిగుతాయి. ఎపిక్ అనే ఇంకో దుకాణం వారానికో ఆట ఉచితంగానే ఇస్తుంది. మే నెలలో జీటీఏ 5 అనే పెద్ద ఆట ఊరికే ఇస్తుంటే, మావాడు కంప్యూటర్ లేకుండానే ఫోన్లో ఖాతా తెరిచి దాన్ని తీసిపెట్టుకున్నాడు! గేదె లేకుండా గడ్డి కొన్నట్టు. ఆ ఆట పద్ధెనిమిదేళ్ళు దాటిన వాళ్ళదని నాకు తర్వాత తెలిసింది. ఆ కథ మళ్ళీ వస్తుంది.

కన్సోల్‌లో నాకు నచ్చినది డిస్కు. ఆడేశాక అమ్ముకోవచ్చు, స్నేహితుడితో మార్చుకోవచ్చు. కోఠిలో పాత పుస్తకాలు కొని చదువుకున్న దాన్ని, నాకు ఆ పద్ధతి తెలుసు. ప్లేస్టేషన్ 5లోనే డిస్కు పెట్టే చోటు లేనిది అప్పట్లో 39,990కి ఇస్తామన్నారు. పది వేలు మిగిలాయని మావారు సంబరపడ్డారు. నేను ఒప్పుకోలేదు. డిస్కు లేకపోతే పాతది కొనలేం, అమ్మలేం, వాళ్ళ దుకాణంలో వాళ్ళు చెప్పిన ధరే. ఆ పది వేలు రెండేళ్ళలో వడ్డీతో సహా వాళ్ళకే వెళ్తాయి. పీసీ ఆటలు కూడా ఇప్పుడు అన్నీ డౌన్‌లోడ్లే, తిరిగి అమ్మడానికి లేదు. కానీ అక్కడ దుకాణాలు చాలా ఉన్నాయి, ఒకడి దగ్గర కాకపోతే ఇంకొకడి దగ్గర.

టీవీ సంగతి ఎవ్వరూ చెప్పరు, నేను చెప్తున్నా. ఈ కొత్త పెట్టెల గొప్పంతా 4కే బొమ్మలోనూ, సెకనుకి 120 ఫ్రేముల్లోనూ ఉంది. మా హాల్లో ఉన్నది 2014లో కొన్న నలభై అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీ. ఆ రెండిటికీ అది సరిపోదు. సగం గొప్ప కంటికి కనపడనే కనపడదు! కంచిపట్టు చీర కొని కరెంటు లేని పెళ్ళికి కట్టుకెళ్ళినట్టు.

అక్టోబరు రెండో వారంలో మావారూ వాడూ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఉన్న చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళారు. అదే, అందరూ సీటీసీ అంటారే, అక్కడికి. మూడు దుకాణాల్లో మూడు కొటేషన్లు రాయించుకొచ్చారు. వాడు కోరుకున్నట్టు పీసీ కట్టిస్తే తక్కువలో తక్కువ 95 వేలు. ఎన్‌విడియా వాళ్ళ కొత్త 3070 కార్డు ఒక్కటే 51 వేల నుంచి మొదలట. మొత్తం ప్లేస్టేషన్ కంటే ఒక కార్డుకి ఎక్కువ! అదీ అప్పటికింకా దుకాణాల్లోకే రాలేదు. ఏఎండీ వాళ్ళూ కొత్త కార్డులు తెస్తున్నారు కాబట్టి ఆగమని ఒక దుకాణదారు, ఆగితే ఏదీ దొరకదని ఇంకొకాయన. మావారు ఆ మూడు కాగితాలూ ఫ్రిజ్ మీద పెట్టి నీళ్ళు తాగారు.

ఆ రాత్రే ఆ వాన. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. మా వీధిలో మోకాళ్ళ లోతు నీళ్ళు, రెండ్రోజులు కరెంటు లేదు. పిల్లలు కొవ్వొత్తి వెలుగులో నానమ్మతో అష్టాచెమ్మా ఆడారు. ఆవిడ గవ్వలు వేసేటప్పుడు చేసే మోసం చూసి మావాడు ఫ్రేములూ గట్రా అన్నీ మర్చిపోయాడు.

దసరాకి మియాపూర్‌లో మా అన్నయ్య ఇంటికి వెళ్ళాం. వాడి దగ్గర ప్లేస్టేషన్ 4 ఉంది. వాడికి నలభై మూడేళ్ళు, ఇప్పటికీ వాడిదే ఆ పెట్టె, కొడుకుది కాదు. కొత్తది రాగానే కొంటాడట. "ఒరేయ్, పాతది మీకిచ్చేస్తా, పదిహేను వేలివ్వండి చాలు" అన్నాడు మావాడితో. నిజం చెప్పాలంటే అది చెడ్డ బేరం కాదు. పాత తరం వెంటనే చచ్చిపోదు. ఆ ఏడాది కొత్తగా వచ్చిన స్పైడర్‌మాన్ ఆట పాత ప్లేస్టేషన్‌కి కూడా వచ్చింది. కానీ నాకు ఒళ్ళు మండింది. దానికో కారణం ఉంది.

1994లో, గుంటూరులో, మా నాన్న విజయవాడ బీసెంట్ రోడ్డు నుంచి ఒక వీడియో గేమ్ తెచ్చారు. క్యాసెట్ గుచ్చి టీవీకి తగిలించుకునేది. క్యాసెట్ మీద 999 ఆటలని రాసుంది, తీరా చూస్తే పదో పన్నెండో, వాటినే మళ్ళీ మళ్ళీ చూపించేది. "ఇద్దరికీ తెచ్చాను" అన్నారు నాన్న. దానికి రెండు రిమోట్లు. మొదటిది అన్నయ్యది. రెండోది అన్నయ్య స్నేహితులది. వాళ్ళెవరూ రాకపోతే నాది. మారియో ఆటలో మొదటివాడు ఆడుతున్నంతసేపూ రెండోవాడు చూస్తూ కూర్చోవాలి. వాడి ప్రాణం పోతేనే మన వంతు. అన్నయ్య ప్రాణం ఎప్పటికీ పోయేది కాదు. నాకు పన్నెండేళ్ళు, రిమోట్ పట్టుకుని "చచ్చిపో, చచ్చిపో" అని లోపల గొణుక్కుంటూ కూర్చునేదాన్ని. తీరా నా వంతు వచ్చేసరికి "అమ్మడూ, పాలు పొంగుతున్నాయేమో చూడు" అని అమ్మ కేక.

దసరా మధ్యాహ్నం భోజనాలయ్యాక మగపిల్లలిద్దరూ మేడ మీదకి పోయారు. మా వదిన, "మీరిద్దరూ ఆడండి వదినా, ఖాళీగానే ఉందిగా" అని ఆ రిమోట్లు తెచ్చి నా చేతిలో ఒకటి, మా చిన్నదాని చేతిలో ఒకటి పెట్టింది. ఓవర్‌కుక్డ్ అనే ఆట అది. వంటిల్లు! ఆర్డర్లు వస్తుంటాయి, కూరలు తరగాలి, ఉడికించాలి, పళ్ళెంలో పెట్టి పంపాలి, వచ్చిన పళ్ళేలు కడగాలి. పొయ్యి మీద వదిలేస్తే మంటలు లేస్తాయి. ఇరవై ఏళ్ళ అనుభవం కదా, దున్నేస్తాననుకున్నా. మొదటి నిమిషంలోనే వంటిల్లు తగలబెట్టాను.

రెండోసారి కాస్త కుదిరింది. ఉన్నట్టుండి చిన్నది అంది: "అమ్మా, ఇక్కడ కూడా సింకు దగ్గరే నిలబడ్డావేంటే? ఇటు రా, ఆర్డర్లు నువ్వు చూడు, గిన్నెలు నేను కడుగుతా."

చూసుకుంటే నిజమే. ఎవరూ చెప్పకుండానే వెళ్ళి నిలబడ్డాను. ఇద్దరం నవ్వుకుని, గంటన్నర ఆడాం. ఆ గంటన్నరలో నన్నెవరూ పిలవలేదు. వదిన వాకిట్లో కాపలా కాసిందని తర్వాత తెలిసింది.

ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో నా భుజం మీద తల పెట్టి అడిగింది. "పీసీ కొంటే అన్నయ్య గదిలో పెడతారు కదమ్మా?"

"చదువుకోడానికి కూడా కదే, టేబుల్ అక్కడే ఉందిగా."

"కన్సోల్ అయితే హాల్లో ఉంటుంది. హాల్లో ఉంటే నాకూ దొరుకుతుంది."

మావాడి కాగితంలో రెండు నిలువు వరసల నిండా టెరాఫ్లాప్స్, జీబీలు, ఫ్రేములు, రూపాయలు ఉన్నాయి. అది ఏ గదిలో ఉంటుందన్నది ఎక్కడా లేదు. వాడు రాయలేదు, నేనూ అడగలేదు. ఇద్దరికీ ఆ ఆలోచనే రాలేదు. ఇద్దరికీ అని కొన్నా ఒకడిదే అయ్యే వస్తువు ఎలా ఉంటుందో తెలిసినదాన్ని, నాకే రాలేదు!

కాసేపాగి ఇంకోటి కూడా అంది. "అన్నయ్య గదిలో పెట్టే దానికి నీ గొలుసు ఎందుకమ్మా బ్యాంకులో?"

ఉక్కపోత కథ అది ఎప్పుడూ నమ్మలేదన్నమాట. నేను జవాబు చెప్పలేదు. ట్రాఫిక్ గోలలో వినపడనట్టు నటించడం మావారి దగ్గర నేనూ కొంత నేర్చుకున్నాను.

మర్నాడు గొలుసు విడిపించాం. అసలు, వడ్డీ కలిపి 31,400. మిగిలినవి 30,600. దాంతో ప్లేస్టేషన్ 5 పోయింది, సిరీస్ ఎక్స్ పోయింది, 95 వేల పీసీ ఎలాగూ పోయింది. సిరీస్ ఎస్ అని చిన్న ఎక్స్‌బాక్స్ ఉంది, డిస్కు లేనిది, అప్పుడు 34,990. అదీ అందలేదు. అన్నయ్య పాత పెట్టె ఒక్కటే మిగిలింది.

మావాడు రెండ్రోజులు మూతి ముడుచుకున్నాడు. మూడో రోజు వాడే కొత్త కాగితంతో వచ్చాడు. గ్రాఫిక్స్ కార్డు లేని పీసీ. బొమ్మలు గీసే శక్తి కొంత ప్రాసెసర్ లోపలే ఉండే రకాలున్నాయట. పెద్ద ఆటలు నడవవు, కానీ మైన్‌క్రాఫ్ట్, రాకెట్ లీగ్, ఓవర్‌కుక్డ్ లాంటివి నడుస్తాయి. రాకెట్ లీగ్ 2020 సెప్టెంబరు నుంచి ఉచితమే. ఎప్పుడో డబ్బులున్నప్పుడు, ధరలు దిగినప్పుడు కార్డు పెట్టుకోవచ్చు. లోపల బట్ట వదిలించుకోవడం అన్నమాట! పైగా పగిలిన ఫోన్లో క్లాసులు వినే బాధ తప్పుతుంది. కన్సోల్ ఆ పని చేయలేదు, దానికి నేను తల ఒగ్గాల్సిందే.

"ఎక్కడ పెడతావు?" అన్నాను.

"నా గదిలో..."

"మానిటర్‌కి డబ్బు లేదు నాన్నా. టీవీయే మానిటర్."

వాడు టీవీ వంక చూశాడు, నానమ్మ వంక చూశాడు, నా వంక చూశాడు. "హెచ్‌డీఎంఐ తీగతో తగిలించొచ్చులే" అన్నాడు నీరసంగా. "హాల్లోనా?"

"హాల్లోనే."

నన్ను మెచ్చుకోకండి. నిజంగానే డబ్బు లేదు. కానీ ఉన్నా అదే చెప్పేదాన్నని ఇప్పుడనిపిస్తోంది. ఆ పద్ధెనిమిదేళ్ళ ఆట కార్డు లేకపోయినా లాక్కొస్తుందేమో నాకు తెలీదు. ఒకటి మాత్రం తెలుసు, నానమ్మ పక్కన కూర్చుని జపం చేసుకుంటుంటే వాడు దాన్ని తెరవడు.

పోయిన శనివారం తెచ్చారు. సీటీసీలో మొత్తం బిల్లు, తీగ లేని కీబోర్డుతో కలిపి 30,900. తగ్గిన మూడొందలూ దారాల డబ్బాలోంచి తీశాను. రిమోట్ ఒకటి పిల్లలు దసరాకి వచ్చిన డబ్బులతో కొనుక్కున్నారు. మొన్న అట్లతద్దికి మా వదిన వాయనం ఇవ్వడానికి వచ్చింది. అట్లు, పసుపు కుంకుమ, జాకెట్టు ముక్క, వాటి కింద కవర్లో చుట్టి అన్నయ్య ప్లేస్టేషన్ రిమోట్ ఒకటి. "స్టీమ్‌లో పనిచేస్తుందట వదినా, మావాడు చెప్పాడు. మీ అన్నయ్యకి కొత్త దానితో కొత్తది వస్తుందిగా, ఇది దేనికి?" అంది.

"అన్నయ్యకి తెలుసా?"

"తెలుస్తుందిలెండి."

ఇరవై ఆరేళ్ళు పట్టింది ఆ రెండో రిమోట్ నా ఇంటికి రావడానికి.

అంతా బావుందని చెప్పను. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా అత్తయ్యగారి సీరియళ్ళు. ఎవరూ నోరెత్తడానికి లేదు. మిగతా టైములో పిల్లలిద్దరూ కొట్టుకుంటున్నారు. వాడు తన పేరున ఒక్క ఖాతా తెరిచి, అందరూ అందులోనే రండి అన్నాడు. చిన్నది ఊరుకోలేదు, నాలుగు ఖాతాలు పెట్టించింది. నా దానికి పాస్‌వర్డ్ కూడా పెట్టించింది. ఎవరికీ చెప్పొద్దంది, చెప్పలేదు. అయినా వాడు స్నేహితుల ఇంటి పెద్ద మెషిన్ల గురించి మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయినప్పుడు నాకు గుండెలో కలుక్కుమంటుంది. అది ఉంటుంది.

ఇన్నాళ్ళూ మీకు రాసినవన్నీ ఫోన్లో, రాత్రి వంటగది సర్దేశాక, స్టూలు మీద కూర్చుని బొటనవేలితో రాసినవి. ఇది మాత్రం సోఫాలో కాళ్ళు చాపుకుని, ఒళ్ళో కీబోర్డు పెట్టుకుని, నలభై అంగుళాల టీవీ మీద రాస్తున్నా. ఒక్కో అక్షరం అరిసెంత ఉంది. వెనకాల మావాడు నిలబడ్డాడు, చేతిలో రిమోట్‌తో. "ఇంకెంతసేపమ్మా?" అని ఇప్పటికి మూడుసార్లు అడిగాడు. ఆ పక్కన అత్తయ్యగారు కళ్ళజోడు తుడుచుకుని మరీ పెట్టుకున్నారు.

"గవ్వలు వేసేటప్పుడు చేసే మోసం అని రాశావు, ఎవరే అది?" అంటున్నారు.